జవాబు కోసం ఆగని పెట్టెలు

ఆ రోజుల్లో చెప్పిన మాటే మళ్లీ చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఓ చిన్న కంపెనీలో చేరి ఆరు నెలలైనా కాలేదు. లోకంలో సగం కరెంటు అనవసరపు కబుర్లకే తగలబడుతోందని గట్టిగా నమ్మేదాన్ని. (ఆ మాట నీ ఫోను చూసుకుని చెప్పవే, అనేది మా అమ్మ.)

మొగల్తూరు దగ్గర మా మావయ్యకి ఐదు రొయ్యల చెరువులు ఉండేవి. చెరువుకో వెదురు గెడ పాతి, గెడకో రేడియో పెట్టె బిగించాను. ఐదో చెరువులో ఆక్సిజన్ తగ్గితే ఆ పెట్టె నాలుగోదానికి చెబుతుంది, అది మూడోదానికి, అలా షెడ్డు దాకా కబురొచ్చి సైరన్ మోగుతుంది, నా ఫోనులోనూ కనిపిస్తుంది. వెంటనే నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు వేసుకోవడమే! "బ్యాటరీ రెండేళ్లు చూడక్కర్లేదు మావయ్యా" అన్నాను. ఎందుకంటే నా పెట్టె కబురు ఒక్కసారి చెప్పి నిద్రపోతుంది. అవతలిది విన్నదా లేదా అని ఆగదు. మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద భేషుగ్గా పనిచేశాయి మరి! మావయ్య మురిసిపోయి, గట్ల మీద కాపలా తిరిగే మైకు తాతతో (ఆ గొంతుకి అదే పేరు) "ఇంక నువ్వు అరవక్కర్లేదు" అనేశాడు. తాత మొహం చిన్నబోయింది. నేను పట్టించుకోలేదు.

రొయ్యల పట్టుబడి ఇంకో వారంలో ఉందనగా, మబ్బుపట్టి ఆకు కదలని ఓ మధ్యాహ్నం, షెడ్డులో అన్నం తింటున్నాం. నా ఫోనులో ఐదు చెరువులూ నిక్షేపంగా ఉన్నాయి. ఇంతలో ఐదో గట్టు మీంచి తాత కేక, మూడో గట్టు మీద మేత చల్లే అక్కకి: "రొయ్య పైకి తేల్తందే! ఏరియేటర్లెయ్యమను!" నీళ్లు తోడే ఇంజను చప్పుడులో ఆవిడకి వినపడలేదు. మళ్లీ అరిచాడు. మూడోసారికి అక్క "ఆయ్!" అని చెయ్యెత్తాకే ఆపాడు. అక్క మా వైపు తిరిగి అదే కేక అందుకుంది. మావయ్య "ఆయ్!" అంటూ ఎంగిలి చేత్తోనే స్విచ్చి వేశాడు. ఆ పంట కష్టమంతా ఆ నీళ్లలోనే ఉంది. రొయ్య మళ్లీ కిందికి దిగేదాకా ఆయన ఐదో గట్టు మీంచి కదల్లేదు. నాకైతే ఏడుపొక్కటే తక్కువ.

వెళ్లి చూస్తే, నాలుగో పెట్టె మీద ఎవరో తడి వల ఆరేశారు, దాంతో దానికి కబురు అందలేదు. ఐదోది చెప్పాల్సింది చెప్పేసి హాయిగా పడుకుంది.

"అది ఇందో లేదో దీనికెలా తెలుత్తాదండీ అమ్మాయిగారూ?" అన్నాడు తాత.

"తెలీదు తాతా."

"ఆయ్ అనదాండీ?"

"అనదు. బ్యాటరీ అయిపోతుందని నేనే తీసేశాను."

"అయ్యో, అనకపోతే ఎలాగండీ!" అని పెట్టె వంక జాలిగా చూశాడు.

మావయ్య "పీకేద్దామమ్మా" అన్నాడు. తాతే అడ్డుపడ్డాడు. "ఉంచండి బాబూ, అమ్మాయిగారు సరిజేత్తారండి."

చేశాను. జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చెప్పడం పెట్టెలకు నేర్పాను. బ్యాటరీ ఏడాదికి దిగింది గానీ, కబురు మాత్రం తప్పలేదు. ఆ పద్ధతే మా ఆఫీసులో చూపిస్తే అందరూ మెచ్చుకున్నారు. "ఎవరిదమ్మా ఈ ఆలోచన?" అని మేనేజరు అడిగితే "నాదే సార్" అన్నాను, తడుముకోకుండా.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకి అది తాత నేర్పిన పాఠమనే చెబుతాను. తాతకే చెప్పలేకపోయాను, నాకు బుద్ధొచ్చేసరికి ఆయన లేడు. ఆ రోజు మేనేజరు ముందు కాలరెగరేసుకు నిలబడ్డ ఆ పిల్ల ఎదురుపడితే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. దాని పొగరు తలుచుకుంటే నవ్వూ వస్తుంది. ఇంత తిక్కపిల్లని ఆయన ఎలా నమ్మాడో!