పిలవని కోత

వాగీనెమ్ అనేది ఒక మనిషి పేరంటే లచ్చన్న చాలా రోజులు నమ్మలేదు. బహ్రెయిన్‌లో రిఫాలోని ఒక పెద్ద విల్లాలో ఆమె వంటా, ఇంటి పనీ చూసేది. అతను తోటపని చూసేవాడు. ఇద్దరికీ వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, ఒకడే. ఆమెది ఇండోనేషియాలో జావా దీవి, వరి తప్ప మరో మాట లేని పల్లెటూరు. అతనిది జగిత్యాల అవతల కాలువ కింది ఊరు. జావాలో మామూలు వారంతో పాటు సంతల కోసం ఐదు రోజుల వారం ఇంకొకటి ఉందట. అందులో 'వాగే' అనే రోజున పుట్టింది కాబట్టి ఆమె వాగీనెమ్ అయింది. ఈ సంగతి తెలిశాక లచ్చన్న పడీపడీ నవ్వాడు.

"గింతేనా! మా ఊళ్ళె సోమారం పుడితె సోమవ్వ, మంగళారం పుడితె మంగవ్వ. నువ్వు అంగడినాడు పుట్టినవ్, అంగడవ్వ!"

ఆమె అతన్ని భాయ్ అనేది, అతను చెల్లె అనేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేది అరబ్బీ, హిందీ, చేతి సైగలు కలిపి వండిన కిచిడీ. దాన్ని ఉన్నదున్నట్టు వడ్డిస్తే మనకు అరగదు కనుక, ఆమె మాటలను ఇక్కడ తెలుగులో పెట్టక తప్పడం లేదు.

లచ్చన్నకు బహ్రెయిన్‌లోనే జుట్టు నెరిసింది. ఊళ్ళోవాళ్ళకు మాత్రం నేటికీ అతను 'దుబాయి లచ్చన్న'. మొదట అస్కర్ దగ్గర క్యాంపులో ఉండి కట్టుబడి పనులు చేశాడు. పరంజా మీంచి జారి మోకాలు చెడ్డాక కంపెనీ వదిలించుకుంది. వాళ్ళ కాళ్ళూ వీళ్ళ గడ్డాలూ పట్టుకుని ఈ ఇంట్లో కుదురుకున్నాడు. మట్టిలో పుట్టి పెరిగినవాడికి, ఎందుకూ పనికిరాని పచ్చగడ్డికి పొద్దస్తమానం నీళ్ళు పట్టడం ఎంత చిన్నతనంగా ఉంటుందో అతన్నే అడగాలి. "బర్రె గూడ ముట్టని గడ్డికి మనిషి సాకిరి" అని రోజూ తిట్టుకునేవాడు. అందుకే మధ్యాహ్నం వంటింటి వెనక గుమ్మంలో కూర్చుని అన్నం తింటున్నప్పుడు వాగీనెమ్ తన ఊరి వరిమళ్ళ గురించి చెబుతుంటే అతనికి ప్రాణం లేచి వచ్చేది.

ఆ ఊళ్ళో నీళ్ళు బాగుంటే ఏడాదికి మూడు పంటలు. అయినా వరిని నమ్ముకుని బాగుపడ్డవాళ్ళు లేరు. వయసులో ఉన్న ఆడవాళ్ళు గల్ఫుకో, తైవాన్‌కో, హాంకాంగ్‌కో పోయి పరాయివాళ్ళ వంటిళ్ళలో ఉన్నారు. వాళ్ళు పంపిన డబ్బుతో ఊళ్ళో తళతళలాడే టైల్స్ ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళలో మగవాళ్ళూ, ముసలివాళ్ళూ, తల్లి ముఖం ఫోనులో తప్ప ఎరగని పిల్లలూ ఉంటారు.

"ఉల్టా ఉన్నదే మీ దునియ! మా దిక్కు మొగోళ్ళు దుబాయిల, ఆడోళ్ళు మడిల" అన్నాడు లచ్చన్న.

"రెండు ఊళ్ళలోనూ మొగుడూ పెళ్ళాం ఒకచోట లేరు కదా భాయ్. ఉల్టా ఏముంది ఇందులో?" అంది వాగీనెమ్.

లచ్చన్న ఇంకొంచెం పులుసు పోయించుకున్నాడు.

అన్నిటికంటే అతనికి వింతగా తోచింది అక్కడి కోత. పైరు పండిన రోజున కూలీలను ఎవరూ పిలవరు. ఊళ్ళో పొలం లేని ఆడవాళ్ళంతా వాళ్ళంతట వాళ్ళే వచ్చి గట్టు మీద నిలబడతారు. వద్దు, పో అని ఆసామి అనకూడదు. అంటే వాడు ఊళ్ళో మనిషి కిందే లెక్క కాదు. ఎవరు కోసినదాన్ని వాళ్ళే ఆసామి వాకిట్లో కుప్పలు పెడితే, పెద్ద కుప్పలు ఆసామివి, చివరి చిన్న కుప్ప కోసినవాళ్ళది. ఆ వాటాను 'బావొన్' అంటారు.

"ఏ బావ చెల్లె? ఎవరికి బావ?" అని లచ్చన్న ఎగతాళి చేశాడు.

ఆమె నవ్వలేదు. "ఆ వాటాతోనే మా అమ్మ నన్ను పెంచింది భాయ్" అంది.

వాగీనెమ్ తల్లికి జానెడు భూమి లేదు. ఆమె పొద్దున్నే లేచి ఏ గట్టు మీద పైరు పండిందో చూసి వెళ్ళి నిలబడేది. అందరూ కొడవళ్ళు పట్టినా ఆమె దగ్గర మాత్రం పాతకాలపు చిన్న కత్తి ఉండేది. అది అరచేతిలో ఇమిడిపోతుంది. పైరుకు కత్తి కనబడకూడదట, కనబడితే వరిలో ఉండే తల్లి బెదిరిపోతుందట. ఆ కత్తితో ఒక్కో కంకీ కోస్తే ఏనాటికి తెమిలేది! అందుకని మొదటి గుప్పెడు మాత్రం దానితో కోసి, తర్వాత కొడవలి పట్టేది.

"నమాజ్ చేస్తవ్, మళ్ళ వడ్ల లచ్చిమి ఏంది చెల్లె?" అని అడిగాడు లచ్చన్న.

"నమాజు దేవుడికి. ఇది అన్నానికి" అందామె.

పరాయి వంటింట్లో ఏళ్ళ తరబడి చేసిన చాకిరీకి ఫలితంగా ఆమె చివరికి ఒక చిన్న మడి కొన్నది. మలేషియా పోవడానికి ఎవరో అమ్ముకుంటే భర్త సర్నో బేరం చేశాడు. ఆ రోజు లచ్చన్నకు కొబ్బరిపాలతో తీపి వండి పెట్టింది. ఆమె కోరిక ఒక్కటే: ఆ మడిలో మొదటి పంట మొదటి గుప్పెడు తన తల్లి కొయ్యాలి. పరాయి గట్ల మీద నిలబడి ముసలిదైపోయిన మనిషి సొంత మడిలో ఒక్కసారి వంగాలి. తాను వెళ్ళి చూద్దామా అంటే కుదరదు. ఆమె వచ్చిన తర్వాత వాళ్ళ ప్రభుత్వం గల్ఫు ఇళ్ళలో పనికి ఆడవాళ్ళను పంపడం ఆపేసింది. ఒకసారి ఇంటికి పోతే మళ్ళీ తిరిగి రావడం ఉండదు. అందుకని అన్నీ ఫోనులోనే.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. పైరు పసుపు తిరుగుతుండగా సర్నో ఫోన్ చేశాడు. ఒక వ్యాపారి వచ్చాడట. నిలబడ్డ పైరును నిలబడ్డట్టే కొంటాడట. కోత మిషనూ మనుషులూ వాడివే. "ఊరంతా వచ్చి గట్టు మీద నిలబడితే ఇంత చిన్న మడిలో మనకేం మిగులుతుంది?" అని సర్నో వాదన. వాగీనెమ్‌కు ఎటూ తోచలేదు.

"భాయ్, నువ్వు రైతువి. నువ్వు చెప్పు" అని అడిగింది.

అడగడమే ఆలస్యం. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. లచ్చన్న చెయ్యి కడుక్కుని పంచాయితీ పెద్దలా సర్దుకుని కూర్చున్నాడు.

"అమ్మెయ్ చెల్లె, ఇగ ఆలోచన జెయ్యకు. మా మడిల గూడ ఒకప్పుడు కైకిలోళ్ళు పొద్దుందాక కోసేటోళ్ళు. వాళ్ళకు కూలి, కల్లంల సాకలికి మేర, కమ్మరికి మేర, ఆఖరికి పరిగె ఏరేటోళ్ళు. సగం గట్లనే పోయేటిది. గిప్పుడు మా ఇంటామె భూలక్ష్మి ఒక్క ఫోన్ కొడతది, మిషన్ వస్తది, చాయ్ తాగేలోపట మడి ఖలాస్. ఒక్కల మొకం జూసే పని లేదు."

"మరి అమ్మ? అమ్మ కొయ్యాలి కదా?"

"ఓ పిచ్చిదానా! మీ అవ్వ గిప్పుడు కైకిలిదా? పట్టాదారు! పట్టాదారు ఏడనన్న కొడవలి పడతదా? ఒడ్డు మీద కుర్సీ ఏసుకుని కూసుంటది, మిషన్ కోస్తది, ఆమె సూస్తది. గంతకంటె ఇజ్జత్ ఏముంటది?"

అతని మనసులో కల్మషం లేదు. చిన్నప్పుడు పటేలు మడి ఒడ్డు మీద కూర్చుంటే, తన తల్లి నడుము ఎత్తకుండా కొయ్యడం చూసినవాడు. దుబాయి డబ్బుతో మడి కొన్నాక, లోకంలో గొప్పంతా ఆ ఒడ్డు మీదే ఉందని స్థిరపడిపోయినవాడు. తనకు తెలిసిన గొప్పను చెల్లెలికి పంచిపెట్టాననుకున్నాడు. వాగీనెమ్ సరేనంది. తల్లితో మాత్రం, "మిషన్ దిగేముందు నువ్వు ఒక్క గుప్పెడు కోసుకో" అని చెప్పింది.

కోత నాడు ఉదయం, ఇంటి పిల్లలను బడికి పంపాక ఆమె ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి వీడియో పెట్టింది. లచ్చన్న కూడా నీళ్ళ పైపు వదిలి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అక్కడ ఫోన్ సర్నో చేతిలో ఉంది. పసుపుపచ్చగా పండిన మడి, పక్కన మిషన్, ఎక్కడినుంచో వచ్చిన వ్యాపారి మనుషులు కనిపించారు. గట్టు పొడుగునా ఊరి ఆడవాళ్ళు ఎప్పటిలాగే పిలవకుండానే వచ్చి నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు వాగీనెమ్ తల్లి, చీరలాంటి కొత్త లుంగీ కట్టుకుని, పిడికిలి మూసుకుని నిలబడి ఉంది.

వ్యాపారి మనిషి కోళ్ళను అదిలించినట్టు అందర్నీ అదిలించాడు. ముసలామె మాత్రం మడిలోకి దిగింది. వాడు అడ్డం వచ్చాడు.

"ఆమె మా అత్త. ఈ పొలం వాళ్ళదే" అన్నాడు సర్నో.

"పొలం మీదే. పంట మాది. ఒకరు దిగితే అందరూ దిగుతారు" అన్నాడు వాడు.

ఆమె వినకుండా మూలన వంగింది. మిషన్ అటే తిరిగింది. వాడు ఆమె రెక్క పట్టుకుని ఈడ్చి గట్టు మీద నిలబెట్టాడు. సర్నో ఫోన్ పట్టుకుని నిలబడే ఉన్నాడు. గట్టు మీది ఆడవాళ్ళు వ్యాపారి వైపు చూడలేదు. ముసలామె వైపు చూశారు. "కూతుర్ని అరబ్బుల దేశం పంపి మా నోట్లో మట్టి కొట్టావు" అంది ఒకావిడ. తర్వాత ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాగీనెమ్ ఫోన్‌లోకి తన భాషలో అరుస్తూ ఉంది. లోపలి నుంచి యజమానురాలు కాఫీ అని కేకేసింది. ఆమె కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించింది.

"పోనీలే చెల్లె. అచ్చే పంటకు కోస్తది" అన్నాడు లచ్చన్న. తన మాట తనకే చేదుగా ఉంది.

వచ్చే పంటను కూడా సర్నో అలాగే అమ్మేశాడు. ఒకసారి తేలిక మరిగినవాడు మళ్ళీ బరువెందుకు మోస్తాడు? ముసలామెకు మాత్రం ఊళ్ళో చోటు పోయింది. ఎవరి మడి పండినా ఆమె వెళ్ళి గట్టు మీద నిలబడితే, తక్కిన ఆడవాళ్ళు జరిగి చోటిచ్చేవాళ్ళు కాదు. "నువ్వు ఆసామివి. నీకెందుకమ్మా?" అనేవాళ్ళు. కూర్చుని తినమని కూతురు ఫోనులో బతిమాలింది. బతుకంతా కోసి తిన్న చేతులు ఊరుకుంటాయా? తనను ఎవరూ ఎరగని దూరపు ఊరికి తెల్లారకముందే నడిచిపోయి, మడి ఉన్న సంగతి దాచిపెట్టి, కొత్తవాళ్ళ వరసలో నిలబడి కోసేది. ఒకనాడు ఆ మడిలోనే కూర్చుని మరి లేవలేదు.

వాగీనెమ్ ఈ కబురు గిన్నెలు తోముతూ చెప్పింది. ఏడవలేదు. అది చూసి లచ్చన్నకు ఇంకా భయం వేసింది.

"ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళు భాయ్. అమ్మను బండిలో ఇంటికి తెచ్చారు. ఆ రోజు అమ్మ కోసిన దానికి వాటా కూడా మూటగట్టి తెచ్చారు. మా ఊళ్ళో చావుకీ ఎవర్నీ పిలవరు. ఆడవాళ్ళు వాళ్ళే వచ్చి పొయ్యి వెలిగిస్తారు. మగవాళ్ళు వచ్చి మట్టి చేశారు. ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. పంటంతా నిలువునా అమ్మేశాం కదా, ఇంట్లో మా మడి గింజ ఒక్కటి లేదు. ఆ మూటలో వడ్లు ఆడించి సర్నోయే వండాడట. అమ్మ కోసిందే అమ్మ పేరున పెట్టారు."

"నేనే జెప్పిన గద చెల్లె. నా నోరు పడిపోను! నన్ను తిట్టు. నాలుగు తిట్లు తిట్టు" అన్నాడు లచ్చన్న.

ఆమె తిట్టలేదు. గిన్నె బోర్లించి, "మీ ఊళ్ళో మిషన్ వచ్చాక కోతకొచ్చే ఆడవాళ్ళు ఏమయ్యారు భాయ్?" అని అడిగింది. దెప్పిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

లచ్చన్న తన మడికి నీళ్ళెప్పుడు వదిలారో, మందు ఎన్నిసార్లు కొట్టారో ఫోనులో అడిగి తెలుసుకునేవాడు. ఈ సంగతి మాత్రం ఇన్నేళ్ళలో అడగలేదు. తోటలోకి వెళ్ళి ఖర్జూరం చెట్టు కింద నిలబడి భార్యకు ఫోన్ చేశాడు.

"భూలక్ష్మీ, ముత్తెమ్మ ఎట్లున్నదే?"

"ఏ ముత్తెమ్మ?"

"గదే, మా అవ్వ పక్కపొంటి కోసేటిది. మన మడికి గూడ అచ్చేటిది."

"అబ్బో, గిన్నేండ్లకు యాదికచ్చిందా! మిషన్లు అచ్చినంక ఆమెకు ఊళ్ళె ఏం పని ఉన్నది? బొంబాయి దిక్కు భీవండి పోయింది. గీ వయసుల ఎవలో సేటు ఇంట్ల బాసన్లు తోముతున్నదట. పోకముందు మనింటికచ్చి అడిగింది గద, ఒడ్ల పొంటి మిషన్‌కు అందని వరి కోసుకుంట అని. నువ్వే ఫోన్‌ల వద్దన్నవ్. ఒకలికి ఇస్తె అందరు అస్తరు అన్నవ్."

ఆ మాట అన్నట్టు లచ్చన్నకు గుర్తే లేదు. అంత తేలిగ్గా అని ఉంటాడు.