ఎర్రయ్య చెంబు

దయ్యాల కథలు కట్టి మా వీధిలో సగం మందిని భయపెట్టినవాణ్ణి నేను. పులివేషం వేసేవాడు ఆ పులికే భయపడతాడా? ఏ దయ్యాన్నీ ఏనాడూ నమ్మింది లేదు. ఈ ఒక్కటి మాత్రం నేను కట్టింది కాదు. అంటే, కట్టింది నేనే. అదే చిక్కు.

మా తమిళనాడు ధర్మపురిలో సందుకొక బ్రౌజింగ్ సెంటర్ వెలిసిన కాలం. మా అక్క కూతురు సుగుణ డిగ్రీలో అన్నీ పాసయి, ఆధునిక ప్రపంచ చరిత్ర ఒక్కటి తప్పి అరియర్ పెట్టుకొనింది. దాంతో చేతికొచ్చిన బి.ఎడ్. సీటు ఆగిపోయింది. పోయిన క్రెడిట్లను ఇంటర్నెట్‌లో కోర్సు చదివి రాబట్టుకోవచ్చని కాలేజీలో చెప్పినారంట. బస్టాండు పక్క సెంటర్‌కు దినమూ పోతా ఉండింది. తోడు నేను.

కడపటి పాఠంలో, రెండో ప్రపంచ యుద్ధం మీ ఇంటిని ఎట్ల తాకిందో రాయమన్నారు. సుగుణ పాప ముఖం వాడిపోయింది. మా తాత పక్కనుండే పాలకోడు దాటి పోయినవాడు కాదు.

నేను ఊరకుంటానా? తాత బర్మాకు రోడ్డు పనికి పోయినాడని, బాంబులు పడితే అడవిలో నడిచి వచ్చినాడని, తోడు నడిచిన ఎర్రయ్య దప్పికతో దోవలోనే చచ్చిపోతే అతని చెంబు తెచ్చి మన గొడ్లకొట్టంలో తూర్పు గుంజ కింద పూడ్చినాడని ఒక్క గుక్కలో చెప్పేసినాను. చెంబు మీద ఎర్రయ్య పేరు తెలుగులో కొట్టి ఉందని కూడా అంటించినాను. మా ఇండ్లల్లో తెలుగు మాట్లాడేదే గాని చదివేవాళ్ళు లేరు. పట్టుబడని అబద్ధం.

సుగుణ అంతా ఇంగ్లీషులో టైపు కొట్టి పంపింది. నాలుగు దినాలకు కోర్సు చెప్పే మేడం జవాబు వచ్చింది. చాలా బాగుందంట. చెంబు ఫోటో పంపితేనే మార్కులంట.

పాత చెంబొకటి కొని పేరు కొట్టిద్దామని పొద్దున్నే పాత్రల అంగడికి పోయినాను. పేర్లు కొట్టే ఆయనకు అరవం తప్ప వేరే రాదు. ఇంక నిజం ఒప్పుకొనేదే అనుకొని మధ్యాహ్నానికి ఇల్లు చేరినాను.

కొట్టంలో సుగుణ. చేతిలో గడ్డపార. మోకాటి లోతు గుంత.

"మామా, నువ్వు చెప్పిన చోటే ఉంది" అనింది.

ఇత్తడి చెంబు. అంచు దగ్గర సొట్ట. ఆ సొట్టను కూడా నేను కల్పించినాను, కానీ మరీ ఎక్కువైతుందని ఎవరికీ చెప్పకుండా మింగేసినాను. మట్టి తుడిచి చూసినాను; ఏవో అక్షరాలు, అరవం కాదు.

స్టూడియోలో ఫోటో తీయించి పంపినాము. పాప పాసయింది.

ఆ అక్షరాలు చదివించేదానికి చెంబును పాలకోడు టమాటా మండీకి పట్టుకుపోయినాను. చిత్తూరు లారీ డ్రైవరొకడు తువ్వాలతో తుడిచి చదివినాడు. "ఎర్రయ్య. ఎవరన్నా, మీ నాయనా?"

వాడూ నా మాదిరి అబద్ధాలకోరైతే బాగుండునని, ఆ వయసులో ఒకటో తరగతి పుస్తకం కొని అక్షరాలు నేర్చుకొన్నాను. నా అంతట నేను చదివిన మొదటి మాట అదే. డ్రైవరు అబద్ధం చెప్పలేదు.

మా అమ్మను అడిగితే, మా వంశంలో ఎర్రయ్యే లేడనింది. తాత ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదనింది.

ఊళ్ళో చెప్తే నవ్వినారు. నా మాట కదా, న్యాయమే. సుగుణకు ఇప్పటికీ నిజం చెప్పలేదు. ఏది నిజమో నాకు తెలిస్తే కదా చెప్పేది.

ఒక్కటే మనసును కోస్తుంది. మార్కుల కోసం అతన్ని దప్పికతో చంపింది నేను. ఇంకొక్క మాట కలిపి నీళ్ళు తాపించి ఉండొచ్చు.

ఆ చెంబును ఖాళీగా పెట్టను.