మోడెం మీది నిమ్మకాయ

ఆ రోజుల్లో మాకు తెలియని విషయమంటూ లేదు. ఏదైనా తెలియకపోతే అది ఇంకా పుట్టలేదనే అనుకునేవాళ్లం. యూనివర్సిటీ హాస్టల్లో నలుగురం కలిస్తే దేవుణ్ణి, ఐదో వాడు వచ్చి కూర్చుంటే విధిని కూడా పదవిలోంచి దింపేసేవాళ్లం. నేను మా హేతువాద వేదికకు కార్యదర్శిని. (వేదిక అంటే పెద్దగా ఊహించుకోకండి. ఏడుగురు సభ్యులు, ఒక బ్యానరు. దాన్ని తిప్పి చూస్తే ఎవరి పెళ్లికో స్వాగతం రాసి ఉండేది.) తుమ్ము వినబడి గుమ్మంలో ఆగిపోయిన మనిషి కనబడితే చాలు, అతని బస్సు వెళ్లిపోయేదాకా నా ఉపన్యాసం సాగేది. ఆ తుమ్ము నిజంగానే అపశకునమని నమ్మి వెళ్లినవాళ్లు ఎందరో నాకు తెలియదు.

నా గదిలో ఉండేవాణ్ణి అందరూ బ్రదర్ అని పిలిచేవారు. కోస్తా వైపు నుంచి వచ్చాడు, తల్లిదండ్రులిద్దరూ బడిపంతుళ్లు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తూ, ఆదివారాలు తార్నాకలోని చర్చి యువజనుల జట్టులో డోలక్ వాయించేవాడు. దేవుడు లేడని నేను గంటసేపు నిరూపిస్తే వాడు ఆసాంతం విని, "బాగా చెప్పావురా అబ్బాయ్. ఇక లైటు తీసెయ్, ప్రార్థన చేసుకుని పడుకుంటా" అనేవాడు. అంత ఓపిక ఉన్న శత్రువు ఏ మనిషికీ ఉండకూడదు.

తార్నాకలో ఒక సందులోకి ఇంటర్నెట్ సెంటర్ వచ్చింది ఆ ఏడే. ప్లైవుడ్ చెక్కలతో విడదీసిన గదులు, గదికో కంప్యూటరు, అన్నిటికీ కలిపి ఒకే ఒక్క ఫోను లైను. నడిపేవాయన్ని మేం నెట్టన్న అనేవాళ్లం. మోడెం కీచుమని, గురగురమని, గొంతు సవరించుకుని లైను కలిసేలోపు ఆయన కళ్లు మూసుకుని ఏదో గొణుక్కునేవాడు. అక్కడే నాకు పోకర్ దొరికింది. మన మూడుముక్కలాటకు దూరపు చుట్టం. చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఒకే టేబుల్ చుట్టూ కూర్చున్నట్టు తెర మీద కనబడేవారు. డబ్బు లేదు, అన్నీ ఉత్తుత్తి చిప్పులే. చేరగానే వెయ్యి చిప్పులు ఊరికే ఇస్తారు, ఆ తర్వాత ఎవరి బుర్ర వారిది.

ఒకరోజు మెస్సులో బ్రదర్ సాంబారు కలుపుకుంటూ నన్ను గిల్లాడు.

"అదృష్టం లేదు లేదంటావు కదా, పేకలో కూడా లేదంటావా?"

"లేదు. లెక్క ఉన్నది, అంతే" అన్నాను. వేదిక సభ్యులు వింటున్నారు కాబట్టి అక్కడితో ఆగలేకపోయాను. "ఈ వెయ్యి చిప్పులను అందరికన్నా చిన్న టేబుల్ మీదనే ఆడి, క్రిస్మస్ లోపల ఐదువేలు చేస్తా. ఒట్టి లెక్కతోని."

"చెయ్యలేకపోతే? మధ్యలో ఎక్కడైనా అదృష్టం కాళ్లు పట్టుకుంటే?"

"కార్యదర్శి పదవికి రాజీనామా!"

"ఆ పదవి పోయినా ఎవరికీ తెలీదు గానీ, మా క్యారల్స్‌కి క్రిస్మస్ తాతగా రా. ఎర్ర చొక్కా మాదే. గడ్డం నేనే అంటిస్తా."

మెస్సంతా గొల్లుమంది. మా వేదిక సభ్యులే అందరికన్నా గట్టిగా నవ్వారు. పందెంలో పైసా లేదు. కానీ ఎర్ర టోపీ పెట్టుకుని, దూది గడ్డంతో, నేను ఇన్నాళ్లూ ఉపన్యాసాలిచ్చిన వీధుల్లోనే గంట ఊపుకుంటూ తిరగడం కళ్లముందు కనబడింది. పెరుగన్నం మానేసి గదికి వెళ్లి, కాగితం తీసి లెక్క మొదలుపెట్టాను.

నా పద్ధతి ఒక్కటే. ఉన్న చిప్పుల్లో ఇరవయ్యో వంతుకు మించి టేబుల్ మీద పెట్టకూడదు. మంచి ముక్కలు వస్తేనే ఆడాలి, లేకపోతే పారేయాలి. వినడానికి తేలికే. గంటకింత అని అద్దె కట్టి కూర్చుని, వచ్చిన ముక్కలన్నీ పారేస్తూ పోవడం ఎంత నరకమో ఆడినవాడికే తెలుస్తుంది. క్లాసులో పాఠం జరుగుతుంటే నా చెయ్యి పుస్తకం అంచు మీద ముక్కలు పంచుతూ ఉండేది. నాలుగు చిప్పులు పెరిగితే గుండె దడ, రెండు తగ్గితే కడుపులో మంట. (అవి ఉత్తుత్తి చిప్పులని మా డాక్టరుకు చెప్పలేకపోయాను. పరీక్షల భయం అనుకుని ఆయన మందు రాసిచ్చాడు.) అయినా లెక్క నిలబడింది. మెల్లగా, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు, నాలుగువేలు దాటాను. బ్రదర్ ముఖంలో కూడా కాస్త గౌరవం కనబడసాగింది.

అప్పుడే నా నోరు ఊరుకోలేదు. ఒక శనివారం నెట్టన్న స్టూలెక్కి, మోడెం వెనకాల గోడకున్న మేకుకు కొత్త నిమ్మకాయ, మిరపకాయల దండ కడుతున్నాడు. నల్లదారాన్ని ఫోను తీగకు రెండు చుట్లు తిప్పి, పైకి బిగలాగి, మేకుకు ముడి వేస్తున్నాడు. నా కళ్లు నిప్పులు కురిశాయి.

"అన్నా! గిదేంది? కంప్యూటర్లు పెట్టుకొని నిమ్మకాయ కడతవా?"

"దిష్టి తమ్మీ. తీగకు జుట్టి కట్టుమని మా అమ్మ జెప్పింది. కట్టినప్పటి సంది లైన్ మంచిగున్నది."

ఇంత మంచి అవకాశం నాకు మళ్లీ ఎప్పుడు వస్తుంది? రెండు సంగతులు పక్కపక్కన జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని మొదలుపెట్టి, గ్రహణాల మీదుగా, చేతబడుల మీదుగా విశ్వం పుట్టుక దాకా వెళ్లాను. పక్క గదుల్లోవాళ్లు లేచి నిలబడి వినసాగారు. చివరికి నెట్టన్న రెండు చేతులూ ఎత్తేశాడు.

"అరె భయ్, నీ ఇష్టం. నువ్వే తీసెయ్. గానీ లైన్ పోతే నన్ను అడగకు, సమజైందా?"

నేనే స్టూలెక్కి, ముడి విప్పి, దండను దారంతో సహా తీసి బయట పారేశాను. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నా జీవితంలో నేను గెలిచిన తొలి వాదం అదే అనుకుంటాను.

సోమవారం నుంచి లైను పోవడం మొదలైంది. ఊరికే పోతే బాధ లేదు. ముక్కలు పారేసే వేళ బుద్ధిగా ఉండేది. చేతికి మంచి ముక్కలొచ్చి, చిప్పులు మధ్యలోకి తోశాక, తెర గడ్డకట్టేది. లైను తెగితే ముక్కలు వదిలేసినట్టే లెక్క, పెట్టిన చిప్పులు పోయినట్టే. రోజూ ఇదే వరస. ఐదువేలకు అంగుళం దూరం దాకా వెళ్లినవాణ్ణి నాలుగువేల వైపు జారసాగాను. లైను పోయినప్పుడల్లా నెట్టన్న ఖాళీ మేకు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేవాడు. ఆ చూపు కన్నా తిట్టినా బాగుండేది. పక్క గదిలోంచి ఒకాయన, "గా లెక్చర్ సార్ వచ్చిండా? అయితే నేను రేపొస్తా" అనడం నా చెవులారా విన్నాను.

క్రిస్మస్ దగ్గరపడింది. బౌద్ధనగర్, వారాసిగూడ ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతున్నాయి. ఆఖరి ఆట చూడటానికి బ్రదర్, మా వేదిక సభ్యులు సాయంత్రం ఐదింటికి వస్తామన్నారు. నేను మూడింటికే వెళ్లాను. లైను నిలబడిన ఒకటి రెండు పూటల్లో చిప్పులు మళ్లీ ఐదువేలకు చాలా దగ్గరికి వచ్చాయి, ఒక్క మంచి ఆట చాలు. నాలుగింటికి చేతిలో రెండు ఆసులు పడ్డాయి. అంతకన్నా మంచి ముక్కలు ఆ ఆటలో లేవు. చిప్పులు తోశాను. తెర గడ్డకట్టింది.

ఆ తర్వాత ఏం జరిగిందో నా మెదడుకు తెలియదు, నా కాళ్లకు తెలుసు. అవి నన్ను సందు చివరి కూరగాయల బండి దగ్గరికి తీసుకెళ్లాయి. "ఒక్క నిమ్మకాయనా?" అంది బండి దగ్గరి అవ్వ. "మిరపకాయలు కూడా" అంది నా నోరు. దారం నెట్టన్నే ఇచ్చాడు. (మనిషి మంచివాడు. మీసం మాత్రం వణికింది.) ఇది ప్రయోగం, కేవలం ప్రయోగం, తీసినప్పుడు ఏం జరిగిందో చూశాం కాబట్టి కట్టినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి అని గొణుక్కుంటూ స్టూలెక్కాను. ఆయన కట్టినట్టే తీగకు రెండు చుట్లు, పైకి బిగలాగి మేకుకు ముడి.

"ఏరా, ఉపన్యాసం ఇస్తున్నావా?" వెనకనుంచి వినబడింది.

తిరిగి చూస్తే గుమ్మంలో బ్రదర్, వాడి వెనక మా వేదిక సభ్యులు ఆరుగురూ. చెప్పిన టైముకన్నా ముందే వచ్చారు. నా చేతిలో ఇంకో మిరపకాయ మిగిలి ఉంది.

"ప్రయోగం" అన్నాను.

"కామ్రేడ్, మిరపకాయ కిందపెట్టి మాట్లాడండి" అన్నాడు మా కోశాధికారి.

సిగ్గుతో కూర్చుని ఆడాను. లైను ఊగలేదు, తెగలేదు. గంట తిరగకుండానే ఐదువేలు దాటింది. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. అందరూ నిమ్మకాయనే చూస్తున్నారు. ఇద్దరు సభ్యుల ముఖాల్లో భక్తి మొలకెత్తింది. వేదిక అక్కడికక్కడే మతంలోకి మారిపోయేలా ఉంది.

అప్పుడు బ్రదర్ స్టూలెక్కాడు. దండను ముట్టుకోలేదు. దారం వెంట వేలు జరుపుకుంటూ కిందికి వచ్చి, తీగను, అది దూరిన గోడపెట్టెను చూసి పకపకా నవ్వాడు.

"ఒరేయ్, ఈ పిన్నుకి క్లిప్పు విరిగిపోయింది. తీగ బరువుకి కిందికి జారిపోతోంది. దారం పైకి లాగి పట్టుకుంటే నిలబడుతోంది. నిమ్మకాయ లేకపోయినా దారం చాలు." నా భుజం మీద చెయ్యి వేశాడు. "తీసేముందు ఒక్కసారి చూడాల్సిందిరా."

నెట్టన్న వంగి చూసి తల ఊపాడు. "అయితే మా అమ్మ జెప్పింది కరెక్టే."

దేవుణ్ణి నమ్మేవాడు కారణం వెతికాడు. కారణాల మీద ఉపన్యాసాలిచ్చేవాడు నిమ్మకాయ కట్టాడు. చిప్పులు గెలిచాను, పందెం ఓడాను. అందులో వాదానికి చోటే లేదు, నేనూ వెతకలేదు.

ఆ వారమే వారాసిగూడ సందుల్లో ఒక బక్క క్రిస్మస్ తాత గంట ఊపుకుంటూ తిరిగాడు. ఎర్ర చొక్కా నాలాంటివాళ్లు ఇద్దరికి సరిపోయేంత ఉంది. దూది గడ్డం ఇంటింటికీ ఊడిపోతుంటే, బ్రదర్ డోలక్ ఆపి, జేబులోంచి నల్లదారం తీసి నా చెవుల చుట్టూ రెండు చుట్లు తిప్పి బిగించాడు. "ఇక ఊడదు. అనుభవం ఉన్న దారం" అన్నాడు. ఒక ఇంట్లో అత్తమ్మ నా చేతిలో కేకు ముక్క పెట్టి, "తాతకు ఈసారి జరమొచ్చినట్టున్నది, గింత చిక్కిండు" అని జాలిపడింది. ఎదురుగా మా వేదిక సభ్యులు ఆరుగురూ నిలబడి, తాళం తప్పకుండా చప్పట్లు కొడుతున్నారు. పాట నాకు రాదు. అయినా మూడో ఇంటికి వచ్చేసరికి పల్లవి అందుకున్నాను. నిజం చెప్పాలంటే, చిప్పులు పెరగడం మొదలైన నాటినుంచి నా కడుపులో మంట లేని మొదటి సాయంత్రం అదే.

నేను మారలేదు. ఇప్పటికీ ఎవరి గుమ్మానికైనా నిమ్మకాయ వేలాడుతుంటే ఉపన్యాసం మొదలుపెడతాను. మా ఆవిడ చెప్పులు వేసుకుని ముందే వీధిలోకి వెళ్లి నిలబడుతుంది. కాకపోతే, నోరు తెరిచేముందు ఒక్క క్షణం ఆగి, ఆ దారం రెండో కొస ఎక్కడ కట్టి ఉందో చూసుకుంటాను.