ఎనిమిదో దెబ్బ

ఆ రోజుల్లో రాష్ట్రాలు కూడా నాలాగే కిరాయి ఇళ్లలో ఉండేవేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారో తెలిసేది కాదు. మక్తల్‌లో బడికి పోయే కాలంలో నేను ఒక రాత్రి హైదరాబాదు రాష్ట్రంలో పడుకుని, పొద్దున ఆంధ్రప్రదేశ్‌లో లేచాను. నిద్రలో ఎవరూ కదిపినట్టు కూడా లేదు. మా మేనత్త ఇంకా ఘనురాలు, రాయచూరు వైపు తన ఇంట్లో పొయ్యి ముందు నుంచి లేవకుండానే మైసూరు రాష్ట్రానికి వెళ్లిపోయింది. ("గా రాష్ట్రంల జొన్నరొట్టె గిట్లనే ఉంటదా అత్తా?" అని అడిగితే చీపురు తిరగేసింది.) రాజకీయమంటే మనల్ని అడక్కుండా మన చిరునామా మార్చే పని అని అప్పుడే నాకొక అభిప్రాయం ఏర్పడింది.

పదేళ్లు గడిచాక దేవరకొండలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో నన్ను 'మక్తలాయన' అనేవాళ్లు. నా మాటలో కన్నడం వాసన వస్తోందని నవ్వేవాళ్లు, పని చెప్పేవాళ్లు, ఐదు కాగానే ఎవరిళ్లకు వాళ్లు పోయేవాళ్లు. నాకు పోవడానికి ఖాలా ఇంట్లో ఒక గది ఉండేది. ఖాలా అంటే ఇంటి యజమానురాలు, భర్త పోయిన ముసలమ్మ. ఆమె ఆస్తి ఒక మేక, రెండు కిరాయి గదులు. నా కిటికీలోంచి ఖిల్లా గుట్ట కనిపించేది. ఆదివారాలు నేను దాన్ని చూసేవాణ్ని, అది నన్ను చూసేది. మధ్యాహ్నానికల్లా ఇద్దరికీ మాటలు అయిపోయేవి. ఒంటరితనానికి సంగీతం మందు అని ఎవరో అంటే నమ్మి, హైదరాబాదు పోయి ఒక పాత ఫిడేలు కొనుక్కొచ్చాను. (వినడమా, వాయించడమా అన్నది ఆ మహానుభావుడు తేల్చి చెప్పలేదు.)

రెండో గదిలో మా ఆఫీసు మనిషే ఉండేవాడు. కృష్ణకు ఆవలి ఒడ్డు నుంచి వచ్చినవాడు, నాకన్నా పదేళ్లు పెద్ద, పెళ్లి చేసుకోలేదు. ఆయన దస్తూరి చూసి ఆఫీసంతా మురిసిపోయేది. ఆయన ఫిడేలు విని ఖాలా మేక నెమరు ఆపేది. నేను ఫిడేలు సారు అని పిలిచేవాణ్ని. నేర్పమని అడిగితే, నా వేళ్ల వంక చాలాసేపు చూసి, "సరే, మన వంతు ప్రయత్నం మనం చేద్దాం" అన్నాడు, డాక్టర్లు మాట్లాడే గొంతుతో. నేను కమాను లాగిన మొదటి సాయంత్రమే ఖాలా వాకిట్లోకి వచ్చింది.

"ఓ బిడ్డా, గా పిల్లి గొంతు పిసుకుడు జర ఆపరాదు? నా మేక పాలిస్తలేదు!"

మేక కూడా వంత పాడింది. ఫిడేలు సారు శ్రద్ధగా విని తీర్పు చెప్పాడు: "మేకది శుద్ధ మధ్యమమయ్యా. నీదే అశుద్ధం."

అన్నిటికన్నా తాళం నన్ను ఏడిపించింది. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు. చేతులు ఖాళీ ఉండవు గనక పాదంతో వెయ్యమన్నాడు. నా పాదం ఏడు వేసి, పని అయిపోయిందన్నట్టు మళ్లీ ఒకటికి పోయేది. (గుమాస్తా పాదం. గంట కొట్టకముందే లేచిపోవడం దానికి అలవాటు.) నా గదిలో ఒక్కణ్నే సాధన చేస్తూ ఏడుతో చుట్టు ముగించబోతుంటే పక్క గది నుంచి గోడ మీద 'టక్'మని ఒక దెబ్బ వినిపించేది. అదే ఎనిమిదోది. ఆయన బియ్యం కడుగుతున్నా, గడ్డం గీసుకుంటున్నా ఆ దెబ్బ తప్పేది కాదు. నిజం చెప్పాలంటే కొన్నాళ్లకు నాకు ఎనిమిది వెయ్యడం వచ్చేసింది. అయినా ఏడు దగ్గరే ఆగేవాణ్ని. రోజు మొత్తంలో నా కోసమని ఎవరైనా చేసే పని ఆ ఒక్క దెబ్బే మరి.

అంతలో ఉద్యమం వచ్చింది. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే కావాలని, బయటివాళ్లు వెనక్కి పోవాలని ఊరూరా ఊరేగింపులు. నేనూ నడిచాను. మెట్రిక్ పాసైన మా తమ్ముడు రెండేళ్లుగా మక్తల్‌లో అరుగులు అరగదీస్తున్నాడు, నడవకుండా ఎలా ఉంటాను? న్యాయం మావైపే ఉంది. కాకపోతే ఆ న్యాయం మా సందులోకి తిరిగినప్పుడల్లా నేను వెనక వరసలోకి జారుకునేవాణ్ని. ఒక సాయంత్రం ఫిడేలు సారుకు మొహం చూపించలేక తప్పుకుని పోతుంటే ఆయనే పిలిచాడు. "మీ నినాదంలో రెండో మాట దగ్గర తాళం పరిగెడుతోందయ్యా. కొంచెం నిలిపి అనండి." మర్నాడు నిలిపి అన్నాం. నిజంగానే బాగా కుదిరింది.

తరువాత బయటివాళ్ల జాబితా పంపమని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. "మక్తలాయనా, లిస్టు నువ్వే రాయి. జల్ది కావాలె," అన్నాడు హెడ్ గుమాస్తా. రిజిస్టర్లు తిరగేస్తే ఎనిమిది పేర్లు తేలాయి. వారం రోజులు సాకులు చెప్పాను. సిరా గడ్డకట్టిందన్నాను, రిజిస్టరుకు చెదలు పట్టిందన్నాను. చివరికి ఏడు పేర్లు రాసి ఇచ్చాను. హెడ్ గుమాస్తా కాగితం చదవకుండానే సంతకం చేసే ధన్యజీవి గనక గండం గడిచిందనుకున్నాను. కాని ఆయన దాన్ని అటు తిప్పి, "ఏమన్న గానీ, పై ఆఫీసుకు పొయ్యే కాయితం మీ దస్తూరితోనే పోవాలె సార్, జర సాఫు రాసియ్యుండ్రి," అంటూ ఫిడేలు సారు బల్ల మీదే పెట్టాడు. ఫిడేలు సారు తల ఎత్తకుండా రాశాడు. ఎంత రాసినా ఏడు పేర్లే కదా, ఇంతసేపెందుకని నా ప్రాణం కొట్టుకుంది.

సాయంత్రం ఆయన తన గది గుమ్మంలోనే ఫిడేలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏడే రాశావేమయ్యా?"

"మర్సిపోయిన సార్."

"ఎనిమిదోది నేను కలిపేశాను."

"ఎందుకు కలిపిండ్రు సార్? ఎవ్వరు లెక్కపెడ్తరు?"

"ఎవడైనా లెక్కపెడితే నీ ఉద్యోగం పోతుంది. నాకైతే ఊరు మారడమే." తీగ ఒకటి మీటి, "అయినా నా చెవులక్కూడా కొంచెం విశ్రాంతి కావాలి కదయ్యా," అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఆయన నవ్వాడు గాని, అది శ్రుతిలో లేదు.

ఆయన వెళ్లే పొద్దున ట్రంకుపెట్టె బస్సు దాకా నేనే మోశాను. ఖాలా రొట్టెలు మూటగట్టి ఇచ్చింది. "పదిలం బిడ్డా. నువ్వు పోతే నా మేక ఫికర్ పడ్తది," అని కొంగుతో కళ్లొత్తుకుంది, మేక తరఫున. బస్సు కదులుతుంటే ఫిడేలు సారు కిటికీలోంచి వంగి, "నీకు ఎనిమిది వెయ్యడం వచ్చని నాకు తెలుసయ్యా," అన్నాడు. "దసరా నుంచీ తెలుసు."

మూడు సాయంత్రాలు ఫిడేలు తీశాను. ఏడు దగ్గర ఆగేవాణ్ని. గోడ గోడలాగే ఉండేది. నాలుగో రోజు ఏడు వేసి ఆగానో లేదో 'టక్'మంది! కమాను కింద పడేసి ఒక్క ఉరుకున పక్క గదికి పోయాను. ఖాళీ గదిలో, చేతిలో పప్పుగుత్తితో ఖాలా నిలబడి ఉంది.

"గా ఒక్కటి ఎందుకు బాకీ పెడ్తవ్ బిడ్డా? అది పడకపోతే నాకు బువ్వ సయిస్తలేదు!" అని కసిరి, పప్పు మాడుతోందంటూ పోయింది.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. రాష్ట్రం మళ్లీ మారింది. ఈసారి మాత్రం మెలకువగానే ఉండి చూశాను, సంతోషపడ్డాను కూడా. ఫిడేలు ఇంకా ఉంది, నా సంగీతం ఇంకా ఆ మొదటి పాఠాల్లోనే ఉంది. వచ్చిన తాళాన్ని రానట్టు నటించి ఎవరినీ మోసం చెయ్యలేకపోయిన ఆ మక్తల్ కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఈ మధ్య ఎనిమిదోది నేనే వేసుకుంటున్నాను. ఏడు దగ్గర కాస్త ఆగి, ఒక చెవి గోడ వైపు పెట్టి, ఆ తరువాత.