తెరుచుకోని పాత సంచిక

పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ఒక్క రోజే గడువుంది. నాకు కావలసిన వ్యాసం ఒక సైన్స్ జర్నల్ పాత సంచికలో, ఆన్‌లైన్‌లో ఉంది. అబిడ్స్‌లోని మా కాలేజీ లైబ్రరీ దానికి చందా కడుతుంది కానీ, లైబ్రరీ వైఫైలో తప్ప అది ఇంకెక్కడా తెరుచుకోదు. మా ఆయన సెలవు పెట్టి, నాంపల్లి నుంచి నన్ను బండి మీద తీసుకొచ్చి అక్కడే కూర్చున్నారు.

మొదటి పేజీ సగం వచ్చి ఆగింది. మళ్లీ నొక్కితే మళ్లీ మొదటికే. గంటసేపు అదే తంతు. లైబ్రేరియన్ తాళంచెవులు తీసి, "జర జల్దీ కానీయున్రి మేడమ్, బంద్ జేసే టైమైంది" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరు వీడియోలు చూస్తున్నది? సిగ్గుండాలె!" అని లేచి అరిచాను. చదువుకుంటున్న పిల్లలు బిత్తరపోయారు.

అప్పుడే పేపర్ల స్టాండు వెనకనుంచి "సిక్సర్!" అని కేక. ఫోన్‌లో క్రికెట్ చూస్తూ మా ఆయన!

"గాయన మీతోటే వచ్చిన్రు గద మేడమ్?" అన్నారు లైబ్రేరియన్.

"వైఫై పాస్‌వర్డ్ నువ్వే ఇచ్చినవ్ గదనే!" అన్నారు మా ఆయన, అందరూ వినేలా.

ఆయన ఫోన్ ఆపారు. వ్యాసం నిమిషంలో దిగింది. ఇప్పటికీ ఆ లైబ్రరీలోకి తల వంచుకునే వెళ్తాను. థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో మాత్రం గైడు తర్వాత మా ఆయన పేరే రాశాను, ఫోన్ ఆపినందుకు.