పుల్లమ్మ వాకిట్లో బంగాళాఖాతం

పుల్లమ్మ వాకిట్లో బంగాళాఖాతం ఉంది. బొల్లాపల్లి మండలంలో బోరేస్తేనే నీళ్లు పడవు, సముద్రం ఎక్కడిదంటారేమో! ఉంది. కార్తీకం వస్తే చాలు, ఊళ్లో ఆడవాళ్లంతా తామరపువ్వులూ నెమళ్లూ ముగ్గేస్తుంటే ఈవిడ మాత్రం నెల్లూరు నుంచి మచిలీపట్నం దాకా ఒక వంకర గీత గీసి, దానికి తూర్పున చుక్కలు పెడుతుంది. ఒక్కో చుక్క ఒక్కో పూట వాయుగుండం ఉన్న చోటు. చుక్క చుట్టూ సున్నా చుడితే తుపాను, రెండు సున్నాలైతే తీవ్ర తుపాను.

ఈ పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. నాలుగేళ్ల కింద చేలో పగిలిన పత్తంతా ఒక్క తుపానుకి తడిసి నల్లబడి, చెట్టు మీదే గింజలు మొలకలెత్తాయి. ఆ మొలకలు చూసి పుల్లమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. మర్నాడు ఫోన్ల కొట్టు ఖలందర్ దగ్గరికెళ్లి, "ఒరేయ్ అబ్బాయ్, ఆ ముదనష్టపుది ఎక్కడ పుట్టి ఎటు నడుస్తా ఉందో ఫోన్లో కనపడుద్దంటగా, చూపించు" అంది. అతను వాతావరణ శాఖ పేజీ తెరిచి చూపించాడు. అంతే! ఇప్పుడామెకు మనవళ్ల పుట్టినరోజుల కంటే అక్షాంశాలే బాగా గుర్తు.

ఆమె మాటలు వింటే తుపాను గురించి కాదు, కొత్త కోడలి గురించి అనుకుంటారు. "చానా నిదానంగా నడుస్తా ఉందే. సముద్రంలో ఎంతసేపు కూర్చుంటే అంత బలుపెక్కుద్ది మాయదారిది!" ఊళ్లోవాళ్లు ఆమెకు వాయుగుండం పుల్లమ్మ అని పేరు పెట్టారు. ఆమె కోప్పడలేదు. "అది ముదిరి తుపానైన రోజున కూడా అదే పేరేందిరా?" అని మాత్రం అడిగింది.

ఎంత ఎగతాళి చేసినా, ఆమె వాన వస్తుందంటే ఊరంతా గడ్డివాముల మీద పట్టాలు కప్పుకుంటుంది. విననిదల్లా మొగుడు వెంకట్రామయ్య ఒక్కడే. పంచాయతీ ఎన్నికల్లో పెళ్లాం ఓటు ఎవరికో కనుక్కుని మరీ రెండోవాడికి వేసే రకం. పైగా పొద్దున్నే చెప్పులేసుకుని బంగాళాఖాతం మధ్యలోంచే నడుస్తాడు. ఒకసారి కోడి కూడా ఆయన వెనకే నడిచి, చీరాల మీదికొచ్చే తుపానుని కెలికి ఒంగోలు పంపించింది.

ఈ ఏడు మళ్లీ మూడెకరాల పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. బుధవారం పొద్దున పుల్లమ్మ చుక్క చుట్టూ రెండో సున్నా చుట్టింది.

"ఏమయ్యో, రేపు పదింటికల్లా చీరాల దగ్గర తీరం దాటుద్దంట. ఇయ్యాలే కూలోళ్లని పిలిచి పత్తి తీయిద్దాం."

"దాటుద్దంటున్నావుగా! దాటిపోయేదానికి మనకెందుకే కంగారు?"

"అయ్యో నా రాత! తీరం దాటడమంటే పోవడం కాదయ్యా, రావడం! గడప దాటిందంటే ఇంట్లోకొచ్చినట్టా, పోయినట్టా?"

"మా అక్క గడప దాటితే పోయినట్టే. నీతో పోట్లాడి దాటింది, మళ్లా రాలేదు."

పుల్లమ్మ పళ్లు నూరింది.

"అయినా నేలెక్కితే దాని బలం తగ్గుద్దంటగా, టీవీలో చెప్పారు" అన్నాడాయన.

"తగ్గేది గాలి! వాన మాత్రం మన నెత్తినే కుమ్మరిస్తది."

"ఆదివారం చూద్దాంలే" అని వెంకట్రామయ్య తువ్వాలు దులిపి అరుగు మీద చతికిలబడ్డాడు.

పుల్లమ్మకి ఒళ్లు మండిపోయింది. వాదిస్తే పొద్దుగూకుతుంది గానీ ఈ మనిషి కదలడు. నాలుగేళ్ల కిందటి మొలకలు కళ్లముందు మెదిలాయి. లోపలికెళ్లి కాసేపు ఆలోచించి, బయటికొచ్చి, ఎక్కడలేని వినయంతో అంది:

"నువ్వన్నదే కరెక్టయ్యా. నాదే పొరపాటు. అది దాటిపోద్ది. పత్తి ముట్టుకోవద్దు."

వెంకట్రామయ్య ఆమె వంక చూశాడు. ముగ్గు వంక చూశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా బజార్లోకి పరిగెత్తాడు. గంటలో రెండు ఆటోల నిండా కూలీలు చేలో దిగారు. తనూ పంచె ఎగ్గట్టి పత్తి తీశాడు. చీకటి పడేలోపు పత్తంతా ఇంట్లోకి చేరింది. మంచం వేసుకునే చోటు కూడా మిగల్లేదు.

గురువారం పొద్దున మొదలైన వాన రెండు రోజులు తెరిపివ్వలేదు. వాకిట్లో ముగ్గు మొదటి జల్లుకే కొట్టుకుపోయింది. పుల్లమ్మ పత్తి కుప్పకి ఆనుకుని లోలోపల మురిసిపోయింది. మొగుణ్ని తిప్పే కిటుకు నలభై రెండేళ్లకి దొరికింది కదా! ఆగలేక అప్పుడే ఇంకోసారి వాడి చూసింది.

"ఏమయ్యో, నాకిప్పుడు టీ వద్దు. నువ్వు పెట్టొద్దు."

ఆయన కదల్లేదు. "నీ నాటకాలు నా దగ్గరొద్దే" అన్నాడు.

"బుధవారం పారిందిగా!" నోరు జారింది పుల్లమ్మ.

"పారింది నాటకం కాదే పిచ్చిదానా. నలభై రెండేళ్లలో ఒక్కసారన్నా నాది కరెక్టన్నావా? బుధవారం అన్నావు. గుండె జారిపోయింది నాకు. ఇది ఇంత మాట అన్నదంటే వచ్చేది మామూలు తుపాను కాదనుకున్నా."

మోకాళ్లు పట్టుకుని లేచి, పత్తి తొక్కకుండా పొయ్యి దాకా పోయి, గిన్నె పెట్టి, వెనక్కి తిరిగాడు.

"టీ కావాలంటే పెడతాలే. అట్టా ఒప్పుకుని మాత్రం ఇంకోసారి భయపెట్టొద్దు."