అమ్మగారి పళ్లెం

మా ఊళ్లో పొద్దున్నే పాస్టరు ఇంటికి పళ్లెం వెళ్లలేదంటే, ఆ రోజు వంతు ఎవరిదో వాళ్ల పరువు సాయంత్రానికల్లా సముద్రంలో కలిసినట్టే. అందుకే ఎవరూ తక్కువ చేయరు. ఇంట్లో పిల్లలు ఉడికించిన అరటికాయతో సరిపెట్టుకున్నా సరే, అమ్మగారి పళ్లెంలో పంది మాంసం ఉండాలి. కొబ్బరిపాలు పోసి కాల్చిన చేమాకులు, నూనెలో వేయించిన పిండి ఉండలు, చక్కెర దండిగా పడ్డ కోకో జావ కూడా ఉండాలి. నడిసముద్రంలోని మా సవాయి దీవిలో తాతల నాటి నుంచి ఉన్న పద్ధతే ఇది, మంచి పద్ధతే. ఫువాటినో మోకాలికే పడలేదు.

ఫువాటినో పాస్టరు ఇయోసెఫో గారి భార్య, ఊరంతటికీ అమ్మగారు. వయసు యాభై రెండు. కుడి మోకాలు అరిగిపోయి నాలుగేళ్లయింది. చాప మీద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. ఏడాదికోసారి ఆగస్టు ఆఖర్న పెద్దాసుపత్రికి వేరే దేశం నుంచి ఎముకల డాక్టర్లు వస్తారు. మనిషి నూట ఐదు కిలోలు దాటితే వాళ్లు కత్తి పట్టరు. పోయినేడు మూడు కిలోలు ఎక్కువుందని ఆమెను తిప్పి పంపేశారు. ఆ దిగులుకి పళ్లేలు తోడై మరో పది కిలోలు ఎక్కింది. ఈసారి కూడా తప్పిందంటే కర్ర పట్టుకోవలసిందే, ఆ పైన చక్రాల కుర్చీయే అని నర్సు మొహం మీదే చెప్పింది.

ఫిబ్రవరిలో ఫువాటినో పట్టు పట్టింది. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, లుంగీ బిగించి, అలల్లేని ఒడ్డు నీళ్లలోకి దిగేది. నడుం లోతు నీళ్లలో మోకాలి మీద బరువు పడదు. చర్చి దగ్గర మొదలుపెట్టి పడవల రేవు దాకా, మళ్లీ వెనక్కి, గంటసేపు నడక. మొదటి వారం రొప్పింది. రెండో నెలకల్లా కీర్తనలు పాడుతూ నడిచింది. మే వచ్చేసరికి పిక్కలు గట్టిపడ్డాయి, నిద్ర బాగా పట్టేది. బరువు మాత్రం రెండంటే రెండే కిలోలు తగ్గింది. కోకో గింజల బస్తాలు తూచే కాటా మీదకు ఆమె ఎక్కినప్పుడల్లా కొట్టు నడిపే టవిటా వేళాకోళం ఆడేవాడు.

"కాస్త మెల్లగా ఎక్కండమ్మగారూ, నిన్ననే బాగు చేయించా."

"నువ్వు ముల్లు చూడు, నోరు కాదు," అనేది ఆమె.

కాళ్లు దించిన బరువును పళ్లెం మళ్లీ ఎక్కిస్తోందని ఆమెకు తెలియక కాదు. తగ్గించమని ఊరికి చెప్పమంటే పాస్టరుగారు, "ప్రేమగా పెట్టింది వద్దంటే మొహాన కొట్టినట్టుంటుందే. నువ్వే చెప్పుకో," అని ఆమె పళ్లెంలోంచి కూడా ఒక ఉండ తీసుకున్నారు. నోరు రాని ఫువాటినో ఏం చేసింది? సగం తిని, మిగతాది పెరట్లో పందులకు పోసింది. పళ్లెం ఖాళీగా తిరిగి వచ్చేసరికి, పాపం అమ్మగారికి చాలలేదు కాబోలనుకుని ఊరివాళ్లు ఇంకో గరిటె ఎక్కువ వేయసాగారు. పందులు బలిశాయి.

ఒక శనివారం సలఫాయి వంతు వచ్చింది. సలఫాయి విధవరాలు, అరవై ఐదేళ్ల మనిషి, మహిళా సంఘానికి పెద్ద. ఆమె నోరు చేసుకుంటే కుక్క కూడా గుమ్మం దిగుతుంది. ఆ రోజు ఫువాటినో నీళ్లలోంచి ఇంటికి వెళ్లలేదు. తడి లుంగీతోనే నేరుగా సలఫాయి వంటపాకలోకి నడిచింది. సలఫాయి నూనెలో పిండి ఉండలు వేస్తోంది. పక్కన మనవలు ఉడికించిన అరటికాయలు, కాల్చిన చేప, నిమ్మరసం పిండిన ఆకుకూర తింటున్నారు.

"ఇలా తడి బట్టలతో వచ్చారేంటమ్మగారూ? పళ్లెం పంపిస్తున్నాగా."

"పళ్లెం వద్దక్కా. వీళ్లు తినేదే నాకూ పెట్టు."

"బాగుంది. అమ్మగారికి ఉత్త అరటికాయ పెట్టిందని తెలిస్తే నేను ఊళ్లో తలెత్తుకు తిరగక్కర్లేదా?"

"నీ పళ్లెం నేను తినట్లేదక్కా. మార్చి నుంచి సగం పందులకు పోస్తున్నా."

సలఫాయి చిల్లుల గరిటె కింద పెట్టింది.

"నా మనవలకు నెలకోసారైనా పెట్టని మాంసం అది," అంది.

ఫువాటినోకి చచ్చేంత సిగ్గేసింది. "తప్పయింది," అంది. "నోరు తెరిచి చెప్పలేకపోయా. ఆగస్టు ఆఖరికి నూట ఐదుకి దిగకపోతే నా కాలు ఇక ఇంతే. నడక సంగతి నేను చూసుకుంటా. తిండి మాత్రం మీ చేతుల్లో ఉంది."

సలఫాయి పళ్లెంలోని మాంసమంతా తీసి పిల్లల ముందు పెట్టింది. తర్వాత రెండు అరటికాయలు, ఒక చేప, గుప్పెడు ఆకుకూర అరిటాకులో వేసి ఫువాటినో ముందుకు తోసింది. కోపంగానే తోసింది. ఫువాటినో అంతా తింది.

సోమవారం సంఘంలో సలఫాయి లేచి నిలబడింది. పందుల మాట ఎత్తలేదు.

"రేపట్నుంచి అయ్యగారింటికి పళ్లెం పోదు. అమ్మగారు నడక ముగించుకుని వంతు ఇంటికే వస్తారు. మీరేం తింటే అదే పెట్టండి. కొబ్బరిపాలు పోసినామె ఆ తర్వాత నాతో మాట్లాడాలి."

"మరి అయ్యగారికో?" అంది ఒకామె.

"ఆయనకూ అంతే. ఆ పొట్ట మీకు కనపడ్డం లేదా?"

అందరూ నవ్వారు గానీ బయటికొచ్చాక నవ్వనివాళ్లూ ఉన్నారు. సలఫాయి పిసినారిదనీ, పాస్టరు ఇంటినే మాడుస్తోందనీ మాట పుట్టింది. వారం తిరక్కుండా పక్క ఊరికీ పాకింది. సలఫాయి చెల్లెలు ఆ ఊరి నుంచి వచ్చి మరీ ఏడ్చిపోయింది. సలఫాయి మాట మార్చలేదు.

కాటా ముల్లు దిగడం మొదలైంది. జూన్‌లో నూట పన్నెండు, జులైలో నూట తొమ్మిది. డాక్టర్లు వచ్చే వారం మొదట్లో నూట ఆరు దగ్గర ఆగిపోయింది. ఆసుపత్రికి వెళ్లడానికి నాలుగు రోజులే మిగిలాయి.

"ఈ నాలుగు రోజులూ పస్తుంటా," అంది ఫువాటినో.

"పస్తుండి నీళ్లలో కళ్లు తిరిగి పడితే మిమ్మల్ని మోసేదెవరు? నలుగురు మగాళ్లు కావాలి," అంది సలఫాయి. "తినండి, తిని నడవండి. ఇన్ని నెలలు అలాగేగా దిగారు."

మర్నాడు చీకటితో సలఫాయి కూడా నీళ్లలోకి దిగింది. చలనీ, రాళ్లు గుచ్చుకుంటున్నాయనీ దారి పొడవునా సణుగుతూనే నాలుగు రోజులూ పక్కన నడిచింది.

పెద్దాసుపత్రిలో కాటా ఎక్కాక ఫువాటినో కళ్లు మూసుకుంది. అంకె చూసింది సలఫాయే.

"నూట నాలుగున్నర," అంది. నర్సు ఆపరేషన్ల చిట్టాలో ఫువాటినో పేరు రాసుకుంది.

ఫువాటినో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. సలఫాయి ఆమె జారిన లుంగీ ముడి సర్ది, చెయ్యి పట్టి కిందికి దించింది.

"ఊరుకోండమ్మగారూ. పాస్టరమ్మను సలఫాయి మాడ్చేసిందని ఇక దీవంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. నేనేగా మాడ్చింది."